ముందు బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు పిన్నులు చూడండి

అందరికీ నమస్కారం. ఇక్కడ సొంత కారు నడుపుకునేవారున్నారు, ట్యాక్సీ మీద బతికేవారున్నారు, షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళున్నారు. అందరికీ పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను. చెయ్యి తిరిగినవాడు ఒక చక్రానికి ప్యాడ్లు అరగంటలో మార్చేస్తాడు. ఆ ప్యాడ్లు ఎన్నాళ్ళు వస్తాయి, రెండు వైపులా సమానంగా అరుగుతాయా లేదా అన్నది మాత్రం, చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళేనికి (డిస్క్) ప్యాడ్లను అదిమే క్యాలిపర్‌ని మోసే రెండు పిన్నుల దగ్గర తేలుతుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాట గట్టిగా చెప్పాలి. బారువ, భావనపాడు, కళింగపట్నం వైపు రోజూ తిరిగే కారుకి ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి పోయే రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. వానాకాలంలో పల్లె రోడ్ల బురద చక్రం లోపలికంతా పడుతుంది. ఇక కొరాపుట్ నుంచి సాలూరు వైపు వచ్చేవాళ్ళు సుంకి ఘాట్ దిగాలి. ఆ దిగుడులో మూడో గేరు, నాలుగో గేరు వేసుకుని బ్రేకు మీదే కాలు పెట్టుకుని వస్తే, పల్చబడిన ప్యాడ్ గుండా వేడి నేరుగా దాన్ని నొక్కే పిస్టన్‌కి, అక్కణ్ణుంచి బ్రేకు ఆయిల్‌కి పోతుంది. మనం ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. కొత్త డాట్ 4 రకం ద్రవం కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోవచ్చు. లోపల ఆవిరి పుడితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి ఆ ద్రవం మార్చమనేది అందుకే. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయమనడానికీ ఇదే కారణం. కొత్త ప్యాడ్‌కి రాపిడి మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలిచేటప్పుడు వెనకున్న ఇనప రేకును కలపకండి.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు క్యాలిపర్‌లో ఒకటే పిస్టన్ ఉంటుంది, అదీ లోపలి వైపు. అది లోపలి ప్యాడ్‌ని డిస్క్‌కి నొక్కుతుంది. ఆ బలానికి క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద లోపలి వైపుకి జరిగి, బయటి ప్యాడ్‌ని లాక్కొచ్చి అదుముతుంది. పిన్ను తుప్పుపట్టి బిగుసుకుందనుకోండి, క్యాలిపర్ జరగదు. భారమంతా లోపలి ప్యాడే మోస్తుంది. బయటనుంచి చక్రం సందులో చూసి "ఇంకా మందంగానే ఉందండి" అంటారు. లోపలి ప్యాడ్ అప్పటికే రేకుదాకా అరిగి డిస్క్‌ని గీరుతూ ఉంటుంది. అందుకే రెండు ప్యాడ్లూ చూడందే మందం చూసినట్టు కాదు.

పని మొదలుపెడదాం. చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు అడ్డుగా రాళ్ళు. బండి నేలమీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చెయ్యండి. జాకీతో లేపాక స్టాండు పెట్టాలి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కింద చెయ్యి పెట్టకండి. ఒక చక్రం పూర్తయ్యాకే రెండోది విప్పండి. అనుమానం వస్తే పక్కచక్రం చూసుకోవచ్చు. ఈలోగా లోపల కూర్చున్నవాళ్ళెవరూ బ్రేకు తొక్కకూడదు, తొక్కితే విప్పిన వైపు పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

కింది పిన్ను బోల్టు విప్పితే చాలా బళ్ళలో క్యాలిపర్ పైకి తిరుగుతుంది. మొత్తం ఊడదీస్తే మాత్రం తీగతో స్ప్రింగుకి కట్టండి. రబ్బరు పైపు మీద వేలాడదీయకండి. ఆ పైపు పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపలి పొర చిట్లిపోతుంది. పాత ప్యాడ్లు తీసేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. అరుగుదల చెప్పే చిన్న రేకు ఏ ప్యాడ్‌కి ఉంది, పైన ఉందా కింద ఉందా అన్నది కొత్తవి పెట్టేటప్పుడు తెలియాలి. పాత ప్యాడ్ల ధూళిని కంప్రెసర్ గాలితో ఊదొద్దు. కొన్ని పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగిరాదు. బ్రేకు క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

ఇప్పుడు పిన్నులు. ఇక్కడ తొందరపడొద్దు. రెండిటినీ బయటికి లాగి, ఏది పైది ఏది కిందిది గుర్తుపెట్టుకోండి. చాలా బళ్ళలో అవి ఒకేలా ఉండవు, ఒకదాని చివర రబ్బరు బుష్ ఉంటుంది. వాటిని తారుమారు చేయకండి. పాత గ్రీజు నల్లగా, జిగురుగా, ఇసుక కలిసినట్టు వేళ్ళకు తగిలితే అదే చెప్పేస్తుంది. శుభ్రంగా తుడిచి, పిన్ను మీద తుప్పు గుంటలు పడి ఉంటే కొత్తది వేయండి. గుంటల్ని ఎమెరీ పేపరుతో నున్నగా చేయగలమనుకోకండి. రబ్బరు తొడుగు చిరిగితే ఉప్పునీరు లోపలికి పోతుంది, అదీ మార్చాలి. గ్రీజు మాత్రం బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే. బేరింగు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి, మళ్ళీ పిన్ను బిగుసుకుంటుంది. పల్చగా ఒక పొర చాలు. రంధ్రం నిండా కుక్కితే లోపల గాలి చిక్కుకుని పిన్ను నొక్కితే వెనక్కి తన్నుతుంది. సరిగ్గా వేస్తే వేలితో తోసినా పోతుంది, లాగినా వస్తుంది.

ప్యాడ్ చెవులు కూర్చునే చోట్ల స్టీలు క్లిప్పులు ఉంటాయి. వాటిని పీకి, కింద బ్రాకెట్ మీద పేరుకున్న తుప్పుని వైరు బ్రష్‌తో రుద్దండి. అక్కడ తుప్పు పొర ఉబ్బి క్లిప్పుని పైకి తోస్తే ప్యాడ్ ఇరుక్కుంటుంది. కొత్త ప్యాడ్ చేత్తో నెడితే జరగాలి, సుత్తితో కొట్టాల్సి వచ్చిందంటే ఇంకా తుప్పు మిగిలిందని అర్థం. ప్యాడ్ మీద, డిస్క్ మీద గ్రీజు మరక పడకూడదు.

పిస్టన్ని వెనక్కి నొక్కేముందు బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి, ఎక్కువుంటే సిరంజితో కొంచెం తీయండి. కారు రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగండి, లేకపోతే రంగు లేస్తుంది. పాత ప్యాడ్‌ని పిస్టన్ మీద ఆనించి సి-క్లాంపుతో మెల్లగా తిప్పితే నిటారుగా పోతుంది. స్క్రూడ్రైవర్‌తో ఒకపక్క నెడితే పిస్టన్ వంకరగా పోయి సీలు దెబ్బతింటుంది. పిస్టన్ చుట్టూ తొడుగు చిరిగి, తడి కనిపిస్తే ప్యాడ్ల పని అక్కడితో ఆపండి. ముందు క్యాలిపర్ బాగుచేయాలి.

డిస్క్ సంగతి క్లుప్తంగా. కనీస మందం ఎంతో చాలా డిస్క్‌ల మీదే అచ్చు వేసి ఉంటుంది. అంచు గట్టుని వదిలేసి, ప్యాడ్ రాసే చోట మైక్రోమీటరుతో కొలవాలి. డిస్క్ కూర్చునే హబ్ మీద తుప్పు రేణువు ఉండగా డిస్క్ బిగిస్తే కాస్త వంకరగా తిరిగి, బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంది. ప్యాడ్లు రెండు ముందు చక్రాలకూ కలిపి నాలుగూ మార్చాలి, ఒకవైపు మాత్రమే మారిస్తే బండి పక్కకి లాగొచ్చు.

పిన్ను బోల్టులు చిన్నవి, చాలా బళ్ళలో బిగింపు 25 నుంచి 35 న్యూటన్ మీటర్లే (తిప్పే బలానికి కొలత). బలం చూపిస్తే తెగుతాయి. వీల్ నట్లు నక్షత్రం వరసలో బిగించండి. చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్ మీటర్లు, మీ బండి సంఖ్య యజమాని పుస్తకంలో ఉంటుంది. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా మీద నిలబడితే 200 దాటిపోతుంది. ఈసారి పంచరైతే ఆ నట్టుని రోడ్డు మీద విప్పడం ఇంట్లో ఆడవాళ్ళకీ పెద్దవాళ్ళకీ సాధ్యపడదు.

ఇంజను వేసి బండి కదపకముందే పెడల్‌ని గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుకి పెడల్ నేలకు ఆనుతుంది. ఇది మరిచిపోయి గేరు వేసినవాళ్ళు ఎదురుగా ఉన్న గోడని గుద్దేశారు. తర్వాత ఆయిల్ మట్టం చూసి మూత పెట్టండి.

కొత్త ప్యాడ్లు కూర్చోవాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, వెనక బండి లేనప్పుడు, వేగాన్ని గంటకు 50 కిలోమీటర్ల నుంచి 10 దాకా మెల్లగా తగ్గించండి, పూర్తిగా ఆపకండి. ఇలా పదిసార్లు, మధ్యలో అర కిలోమీటరు చల్లారనివ్వండి. వేడెక్కిన డిస్క్ మీద బ్రేకు నొక్కిపట్టి నిలబడితే ఒకేచోట మచ్చ పడుతుంది. చివర్లో బ్రేకు వాడకుండా రెండు కిలోమీటర్లు నడిపి, ఆపండి. రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, డిస్క్‌ని మాత్రం ముట్టుకోకండి. ఒక్క వైపే సెగ కొడుతుంటే ఆ వైపు పిన్నులు మళ్ళీ విప్పి చూడాలి.