బీరువా రెండో తాళం

(డాక్టర్ల సంఘమైన ఐఎంఏ స్థానిక బ్రాంచి కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకున్న సాయంత్రం, పూర్వాధ్యక్షులొకరు చేసిన ప్రసంగం)

ప్రెసిడెంట్ మేడమ్ గారికి, సెక్రటరీ గారికి, ట్రెజరర్ గారికి, వెనక వరసలో కూర్చుని అప్పుడే డిన్నర్ హాలు వైపు చూస్తున్న నా ఈడు వాళ్ళకి నమస్కారం.

"సార్, పది నిమిషాలు ఆశీస్సులు చెప్పండి" అని నన్ను పిలిచారు. ఆశీస్సులకు అర నిమిషం చాలు, అవి ఇచ్చేశాను. ఇందాక దండలు వేయించుకుని ఫొటోలు దిగారు కదా, ఆ దండలతోపాటు మీ మెడలో ఏం పడిందో మిగతా టైములో చెప్తాను. నేను ఈ బ్రాంచిలో రెండేళ్ళు సెక్రటరీగా, ఒక ఏడాది ప్రెసిడెంటుగా చేశాను. ట్రెజరరుగా మాత్రం చేయలేదు. నా చేతికి డబ్బిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్ళు చేయనివ్వలేదు. మంచిపనే చేశారు.

మన సంఘం 1928లో కలకత్తాలో పుట్టింది. మొదట ఆల్ ఇండియా మెడికల్ అసోసియేషన్ అన్నారు, 1930లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ అయింది. ఢిల్లీలో హెడ్‌క్వార్టర్సు, దాని కింద రాష్ట్ర శాఖ, దాని కింద మనం. మీరు కట్టిన లైఫ్ మెంబర్‌షిప్ డబ్బుల్లో పైవాళ్ళ వాటా పైకి పోతుంది, మన వాటా మనకి మిగులుతుంది. కానీ ఊళ్ళో జనానికి ఢిల్లీ ఐఎంఏ తెలియదు. వాళ్ళకి తెలిసింది ఈ హాలు, దాని ముందు బోర్డు, ఆ బోర్డు కింద మైకు పట్టుకుని మాట్లాడే మనిషి.

అందుకే ముందు ప్రెసిడెంటు గారి సంగతి. మేడమ్, మీరు పిల్లల డాక్టరు కాబట్టి ఓపిక సహజంగానే ఉంటుంది. ఈ ఏడాది దానికి ఇంకొంచెం కలపాలి. ప్రెసిడెంటు మీటింగు నడిపిస్తారు, కాగితాల మీద సంతకం పెడతారు, డాక్టర్స్ డే రోజు బి.సి.రాయ్ గారి ఫొటోకి దండ వేస్తారు. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. కష్టమైన పని ఒక్కటే, నోరు. టీవీ మైకు ముందుకొచ్చినప్పుడు మీరు మాట్లాడే ప్రతి మాటా సంఘం మాటే అవుతుంది. "ఇది నా సొంత అభిప్రాయం" అంటే వినేవాడు ఉండడు.

2024లో మన జాతీయ అధ్యక్షుడు ఒక ఇంటర్వ్యూలో సుప్రీంకోర్టు వ్యాఖ్యల గురించి రెండు మాటలన్నారు. అదీ పతంజలి ప్రకటనల మీద మన సంఘమే వేసిన కేసు విచారణలో ఉండగా. కోర్టుకి కోపం వచ్చింది. ఆయన క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పేపర్లో వేయించిన క్షమాపణ ప్రకటన చూసి, అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని కోర్టు మళ్ళీ అడిగింది. ఆయన మంచి మనిషే, సంఘం కోసమే మాట్లాడారు. అయినా చూడండి, చివరికి సంఘం అక్షరాల సైజు దగ్గర నిలబడాల్సి వచ్చింది. మన ఊరి కేబుల్ చానలువాడు సుప్రీంకోర్టు కాడనుకోకండి. వాడి క్లిప్పు సాయంత్రానికల్లా అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

వైస్ ప్రెసిడెంట్లకి పెద్దగా చెప్పేదేం లేదు. ప్రెసిడెంటు ఊళ్ళో లేనప్పుడు ఫోను స్విచాఫ్ చేసుకోకపోతే చాలు.

ఇక సెక్రటరీ. ఇది నేను చేసిన పని, కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, భరించండి. రూల్సు చదివితే సెక్రటరీ పని ఎజెండా పంపడం, మినిట్స్ రాయడం, ఉత్తరాలకు జవాబివ్వడం, సభ్యుల రిజిస్టరు చూసుకోవడం. రాష్ట్ర కౌన్సిలుకి మన ప్రతినిధులు ఎంతమంది వెళ్ళాలన్నది సభ్యుల సంఖ్యను బట్టే తేలుతుంది కాబట్టి ఆ రిజిస్టరులో చనిపోయినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు ఉండకూడదు. ఇదంతా పగటి పని. సెక్రటరీ అసలు పని రాత్రి పదకొండు దాటాక మొదలవుతుంది.

నేను సెక్రటరీగా ఉన్నప్పుడు ఒక రాత్రి ఫోనొచ్చింది. ఒక నర్సింగ్‌హోమ్‌లో పేషెంటు చనిపోయాడు, బంధువులు రిసెప్షను అద్దం పగలగొట్టారు, డాక్టరు లోపల గదిలో తాళం వేసుకుని ఉన్నాడు. వెళ్ళేసరికి మెట్ల మీద గాజు పెంకులు, గేటు దగ్గర నలభై మంది. కానిస్టేబుల్ ఒక్కడే ఉన్నాడు, అతనూ ఫోనులోనే ఉన్నాడు. అందరూ అరుస్తున్నారు, ఒక్క పెద్దావిడ తప్ప. ఆమె బెంచీ మీద ఒక్కర్తే కూర్చుని ఉంది, చనిపోయినతని తల్లి. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నీళ్ళు తాగుతావా అమ్మా?" అంటే నా వైపు చూడకుండానే "నువ్వూ వాళ్ళ మనిషివేగా బాబూ" అంది.

"అవునమ్మా, వాళ్ళ మనిషినే. మీవాడి కాగితాలు మీకు ఇప్పించి వెళ్తాను" అన్నాను.

ఇప్పించాను. కేస్‌షీటు కాపీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి మన ఎథిక్స్ రెగ్యులేషన్సులోనే ఉంది. ఆ రాత్రి గంటన్నరలో జిరాక్సు తీయించి ఇచ్చాం. గొడవ అప్పటికప్పుడు చల్లారిందని అబద్ధం చెప్పను. తెల్లారేదాకా నడిచింది. కానీ రెండో అద్దం పగల్లేదు.

ఆ రాత్రి తర్వాత కారు డాష్‌బోర్డులో రెండు కాగితాలు ఎప్పుడూ పెట్టుకునేవాణ్ణి. ఒకటి ఆసుపత్రుల మీద దాడుల గురించి మన రాష్ట్రం చేసిన 2008 చట్టం, ఆ ఏడాది 11వ నెంబరు యాక్టు. దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, బెయిలు రాని నేరం, పగలగొట్టిన ఆస్తికి రెట్టింపు నష్టపరిహారం. అప్పట్లో చాలా స్టేషన్లలో ఈ చట్టం ఉందనే తెలియదు. కాపీ చేతిలో పెడితేనే ఎస్సై గారు ఆ సెక్షను వేసేవారు. రెండోది జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. వైద్యంలో నిర్లక్ష్యం ఆరోపణ వచ్చినంత మాత్రాన డాక్టర్ని అరెస్టు చేసేయకూడదు, ముందు మరో నిపుణుడైన డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి అంటుంది అది.

ఆ రెండు కాగితాలూ పట్టుకుని స్టేషనుకి వెళ్ళండి. కానీ అక్కడ "మా డాక్టరు తప్పేం లేదు" అని మాత్రం అనకండి. ఆ రాత్రి మీకు తెలియదు, నాకూ తెలియలేదు. తప్పుంటే కన్స్యూమర్ కోర్టు ఉంది. 1995లో వి.పి.శాంత కేసులో అక్కడికి వెళ్ళొచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. వెళ్ళకూడదని వాదించి ఓడిపోయిన పక్షం ఎవరనుకున్నారు? మనమే. కేసు పేరే ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి.శాంత. సెక్రటరీ చేయాల్సింది మనిషి మీద చెయ్యి పడకుండా చూడడం, పేపరు పోకుండా చూడడం. తీర్పు చెప్పడానికి వేరేవాళ్ళున్నారు. దీనికి మన సభ్యుల్లో కొందరు నన్ను కోప్పడ్డారు, ఇప్పటికీ కోప్పడతారు. ఇక్కడే కూర్చున్నారు కూడా.

సెక్రటరీదే ఇంకో పని, సీఎంఈలు, అంటే డాక్టర్లు కొత్త సంగతులు నేర్చుకోవడానికి పెట్టే క్లాసులు. మెడికల్ కౌన్సిలు క్రెడిట్ పాయింట్లిస్తేనే సీఎంఈకి జనం వస్తారు. ఐదేళ్ళకి 30 గంటలు ఉండాలి కాబట్టి తప్పక వస్తారు. వచ్చి, సంతకం పెట్టి, భోంచేసి వెళ్ళిపోతారు. ఒకసారి రిజిస్టరు చూస్తే ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, వరసగా ఏడు సంతకాలు. ఏడుగురిలో ఇద్దరు ఆ రోజు అమెరికాలో మనవళ్ళ దగ్గరున్నారు. ఆ రిజిస్టరు కింద "నిజమే" అని సంతకం పెట్టేది సెక్రటరీ. సాయంత్రం లెక్చరు అయ్యాక కూడా మళ్ళీ ఒక సంతకం తీసుకోండి. మొదట్లో గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

జాయింట్ సెక్రటరీ అంటే పేరుకే అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, 2024 ఆగస్టు దాకా. కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో ఆ జూనియర్ డాక్టరు అమ్మాయి మీద జరిగిన ఘోరం తర్వాత ఆగస్టు 17 పొద్దున ఆరింటి నుంచి 24 గంటలు ఓపీలు, ముందే పెట్టుకున్న ఆపరేషన్లు ఆపమని పిలుపొచ్చింది. ఎమర్జెన్సీ మాత్రం నడవాలి. అందరం ర్యాలీ బ్యానరు ఎంత పొడవుండాలో వాదించుకుంటుంటే, అప్పటి జాయింట్ సెక్రటరీ కుర్రాడు హాల్లో ఓ మూల కూర్చుని లిస్టు రాశాడు. పురుటి నొప్పులొస్తే ఏ ఆసుపత్రి, పాము కరిస్తే ఎక్కడ మందుంది, గుండెనొప్పికి ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఎవరి ఫోన్ నెంబరేంటి. ఆ లిస్టు 108 వాళ్ళకి, పోలీసులకి, ఆటో స్టాండుకి కూడా పంపాడు. ఆటో స్టాండు సంగతి మాకెవరికీ తట్టలేదు. రాత్రి పూట మన ఊళ్ళో పేషెంట్లు ఎందులో వస్తారో అతనికి తెలుసు.

ట్రెజరర్ గారూ, మీరు నవ్వుతున్నారు కాబట్టి ఇప్పుడు మీ దగ్గరికొస్తాను.

మన బ్రాంచికి ఒకప్పుడు ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉండేది. హాలు పైకప్పు వేయడానికి పెద్దలు కూడబెట్టింది. ప్రెసిడెంటు, ట్రెజరరు ఇద్దరి సంతకాల మీద. ఆ ఇద్దరూ దిగిపోయారు, కొత్తవాళ్ళొచ్చారు, ఆ తర్వాత ఇంకొందరు వచ్చారు. బ్యాంకులో సంతకాలు మార్చాలని ఎవరికీ గుర్తు రాలేదు. పైకప్పు కారడం మొదలయ్యాక డబ్బు కోసం వెళ్తే, పాత ట్రెజరరు గారు అప్పటికే కాలం చేశారు. బ్యాంకు మేనేజరు పాపం మర్యాదస్తుడే. "ఏం లేదు సార్, కొత్తవాళ్ళని ఎన్నుకున్న తీర్మానం కాపీ, మినిట్స్ పుస్తకం, కొత్తవాళ్ళ కేవైసీ తెండి" అన్నాడు.

మినిట్స్ పుస్తకం తీశాం. ఆ ఏడాది సర్వసభ్య సమావేశం పేజీలో ఏముందో యథాతథంగా చెప్తాను: "సమావేశము జయప్రదముగా జరిగినది. పెసరట్టు ఉప్మా బాగున్నది." అంతే. ఎవరిని ఎన్నుకున్నారో లేదు. ఎంతమంది వచ్చారో లేదు, అంటే కోరం ఉందో లేదో చెప్పలేం. బ్యాంకుకి పెసరట్టు పనికిరాలేదు. మళ్ళీ సర్వసభ్య సమావేశం పిలిచి, పాత ఎన్నికల్ని ఆమోదించి, రిజిస్ట్రారు ఆఫీసులో ఏటా ఇవ్వాల్సిన కమిటీ జాబితాలు ఎప్పటివెప్పటివో వెతికి ఇచ్చి, డబ్బు చేతికొచ్చేసరికి ఎనిమిది నెలలు. ఒక వర్షాకాలం మొత్తం ఈ స్టేజీ మీద బకెట్లు పెట్టుకుని మీటింగులు జరుపుకున్నాం.

కాబట్టి ట్రెజరర్ గారూ, సెక్రటరీ గారూ, ఇద్దరూ కలిసి ఈ వారంలోనే బ్యాంకుకి వెళ్ళండి. ఇవాళ జరిగిన ఎన్నిక మినిట్స్ ఇవాళే రాయండి. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎంతమంది ఉన్నారు, అన్నీ ఉండాలి. డిన్నరు గురించి రాయాలనిపిస్తే ఆఖర్న రాసుకోండి.

స్పాన్సర్ల డబ్బు గురించి ఒక్క మాట. 2024 మార్చిలో కేంద్రం మందుల కంపెనీల మార్కెటింగుకి కొత్త కోడ్ తెచ్చింది. డాక్టర్లకి బహుమతులు, టూర్లు కుదరవు. సీఎంఈకి ఎవరెంత ఇచ్చారో, ఎలా ఖర్చయిందో లెక్క కనపడాలి. స్టాల్ పెట్టిన కంపెనీ డబ్బు బ్రాంచి అకౌంటులోకే రావాలి, రసీదు వెళ్ళాలి. "సార్, క్యాష్ ఇచ్చేస్తాను, బిల్లొద్దు" అని కంపెనీ రెప్ కుర్రాడు ప్రేమగా అంటాడు. ఆ ప్రేమ మీకు వద్దు. స్టాల్ అద్దెలు, హాలు అద్దె అన్నీ కలిసి ఏడాదికి ఇరవై లక్షలు దాటితే జీఎస్టీ కూడా మీ నెత్తిన పడుతుంది. మన బ్రాంచికి అంత సీను లేదనుకోండి, అయినా ఆడిటరు గారిని మార్చి ఆఖరి వారంలో కాక ఇప్పుడే కలవండి.

ఈసీ మెంబర్లూ, అదే కార్యవర్గ సభ్యులూ, మీరు తప్పించుకోలేదు. మీటింగుకి రాకుండా, గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టి "అంగీకారం" అనేవాళ్ళు తయారయ్యారు. ఆ బొమ్మతో తీర్మానం కాదు.

అయిపోయింది మేడమ్, గంట కొట్టక్కర్లేదు.

సెక్రటరీ గారూ, ఒకసారి ఇలా స్టేజీ దగ్గరికి రండి. ఇదిగో, ఈ రెగ్జిన్ సంచీ పన్నెండేళ్ళుగా చేతులు మారుతోంది. ఇందులో సీలు, స్టాంపు ప్యాడు, లెటర్‌హెడ్లు, 2008 చట్టం కాపీ ఉన్నాయి. కాపీ మడతల దగ్గర చిరిగింది, కొత్తది తీయించుకోండి. ఇది బీరువా తాళం. రెండో తాళం మీ ముందు సెక్రటరీ గారి దగ్గర ఉండాలి, ఆయనేమో ట్రెజరరుకి ఇచ్చానంటున్నారు, ట్రెజరరేమో వాచ్‌మన్‌కి ఇచ్చానంటున్నారు. డిన్నరుకి వెళ్ళే ముందు ముగ్గురూ కలిసి వాచ్‌మన్‌ని అడగండి. నేను ఇక్కడే కూర్చుంటాను.