రూగర్ రేటు అడిగేముందు ట్రిగ్గర్ సంగతి వినండి

నమస్కారం అండీ. బెంగళూరు మారతహళ్ళి నుంచి మాట్లాడుతున్నా, వెనకాల హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి.

షూటింగ్ రేంజ్‌కి కొత్తగా వచ్చే మన తెలుగు కుర్రాళ్ళు చెప్పులు విడవకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, రూగర్ మార్క్ ఫోర్ ఎంతకొస్తుంది? ట్రిగ్గర్ కిట్ కూడా వేయించుకుంటా." అంటే ట్రిగ్గర్ బాగుండేందుకు మార్చుకునే విడిభాగాలు. ఎక్కడిదిరా ఈ తెలివి అంటే అమెరికా వీడియోలు. వాళ్ళ తప్పేమీ లేదు, అక్కడ రూగర్ మార్క్ ఫోర్ నిజంగానే అందుబాటు ధరలో దొరికే మంచి టార్గెట్ పిస్టల్. రూగర్ కంపెనీ 1949లో దుకాణం తెరిచిందే ఒక .22 (చిన్న సైజు తూటా) పిస్టల్‌తో, 2016లో వచ్చిన మార్క్ ఫోర్ ఆ వంశంలోదే. దానికి పోటీగా బ్రౌనింగ్ బక్‌మార్క్ ఉంది, స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ విక్టరీ ఉంది. కానీ మన దేశంలో .22 అంటే ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి, బయటి నుంచి తెప్పించుకోవాలంటే జాతీయ స్థాయి స్కోర్లతో 'రినౌన్డ్ షూటర్' గుర్తింపు లాంటివి కావాలి. కార్ట్‌లో వేసుకుని కొనేది కాదు నాయనా.

ఇంకో చిరాకు కూడా ఇప్పుడే తీర్చేసుకుంటా. సెమీ ఆటోమేటిక్ అంటే నొక్కి పట్టుకుంటే టపటపా పేలేది కాదు! ఒక్క నొక్కుకి ఒక్కటే. పేలిన తోపుకి బోల్ట్, అంటే తూటా వెనక ఉండే కదిలే ముక్క, వెనక్కి పోయి తూటా ఖాళీ కేసుని బయటికి విసిరేస్తుంది, స్ప్రింగ్ నెడితే తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాని ఛాంబర్‌లోకి (తూటా పేలే గదిలోకి) ఎక్కిస్తుంది, అంతే. మళ్ళీ పేలాలంటే మీరు ట్రిగ్గర్ వదలాలి, మళ్ళీ నొక్కాలి. ర్యాపిడ్ ఫైర్ అనే 25 మీటర్ల ఒలింపిక్ పోటీలో ఐదు టార్గెట్ల మీద ఐదు షాట్లు, మొదట 8 సెకన్లలో, తర్వాత 6, చివరికి 4 సెకన్లలో కొట్టాలి కాబట్టి ఈ ఏర్పాటు కావాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన షూటర్ విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చింది ఆ ఈవెంట్‌లోనే. అదే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఒక్కో పెల్లెట్టే (చిన్న సీసపు గుండు) పెట్టుకోవాలి, సెమీ ఆటోతో పనే లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. ఏ పిస్టల్ కొన్నా ఎక్కడ డబ్బు పెట్టాలి?

సిల్క్ బోర్డ్ జామ్‌లో బండి నడిపారా? అయితే మీకు ట్రిగ్గర్ ఏమిటో సగం తెలిసినట్టే. క్లచ్ వదిలేటప్పుడు మొదట కొంత ఖాళీ ఉంటుంది, ఏమీ జరగదు. తర్వాత ఒకచోట పట్టుకుంటుంది. ఆ చోటు మీ వేళ్ళకి తెలుసు కాబట్టే ముందున్న ఆటోకి తగలకుండా జానెడు జరుపుతారు. మంచి ట్రిగ్గర్ కూడా అంతే, కొంత ఖాళీ నడక, ఆ తర్వాత గోడలాగా ఒక ఆపు, ఆ ఆపు మీద మెల్లగా బరువు పెంచుతూ పోతే గాజుపుల్ల విరిగినట్టు టక్‌మని వదలాలి. చౌక పిస్టళ్ళలో ఆ ఆపు దగ్గర గరగరమంటూ జారుతూ ఉంటుంది, ఎప్పుడు వదులుతుందో తెలియదు. అలాంటి క్లచ్ ఉన్న అద్దె బండి ఎక్కితే ఏమవుతుంది? ఒక్క ఉదుటున దూకుతుంది. పిస్టల్ కూడా దూకుతుంది, మూతి కిందికి పోతుంది.

[స్క్రీన్ మీద లెక్క]

ఎంత పోతుందో చూడండి. 25 మీటర్ల పిస్టల్‌లో గురి చూసే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం 220 మి.మీ. మించకూడదు. అంత దూరమే ఉందనుకుని, వెనక సైట్ గాడిలో ముందు సైట్ 0.2 మి.మీ. పక్కకి తప్పితే టార్గెట్ మీద దాదాపు 23 మి.మీ. తప్పుతుంది. నిదానంగా కొట్టే ప్రిసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల నడిమి రింగు వ్యాసం 50 మి.మీ., నడిమి నుంచి అంచుకి 25, అంటే మీరు దాదాపు అంచుకి చేరిపోయారు. అదే సైట్లు సరిగ్గా కుదిరి ఉండి చెయ్యి మొత్తం ఒక సెంటీమీటర్ ఊగితే తప్పేది ఒక్క సెంటీమీటరే! అందరూ చెయ్యి ఊగుతోందని ఏడుస్తారు, చెడగొట్టేది వేలు.

కాబట్టి అప్‌గ్రేడ్ అంటే మొదట ట్రిగ్గర్. తేలిక చేయడం కాదు, ప్రతిసారీ ఒకేలా వదిలేట్టు చేయడం. పోటీ నియమం ప్రకారం 25 మీటర్లలో ట్రిగ్గర్ బరువు, అంటే అది వదలడానికి కావాల్సిన బరువు, కనీసం 1000 గ్రాములు, ఎయిర్ పిస్టల్‌కి 500. మూతి పైకి పెట్టి ట్రిగ్గర్‌కి ఆ బరువు తగిలించి లేపుతారు, బరువు లేవకముందే ట్రిగ్గర్ వదిలేస్తే పాస్ కారు. వదిలాక వేలు ఇంకా వెనక్కి పడిపోకుండా ఆపే చిన్న స్క్రూ ఉంటే ఇంకా మంచిది, అది క్లచ్ కేబుల్ టైట్ చేయించుకున్నంత సుఖం. ట్రిగ్గర్ బాగుంటుందని సేఫ్టీ పార్ట్ పీకేయమని చెప్పే వీడియోలున్నాయి, వాటిని చూడగానే మూసేయండి. ఇక్కడ ఆయుధం రిపేర్ చేయాలన్నా లైసెన్స్ ఉండాలి, ఆ పని ఆర్మరర్‌కే (ఆయుధాలు బాగుచేసే లైసెన్స్‌డ్ మెకానిక్‌కే) వదలండి. ఫైలు పట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు.

రెండోది గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి. నన్నడిగితే మీ చేతులతో మీరు చేసుకోగలిగిన ఏకైక అప్‌గ్రేడ్ ఇదే. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, రేంజ్‌లో మూతి టార్గెట్ వైపే ఉంచి, అరచేతికి సుద్దపొడి రాసుకుని గ్రిప్ పట్టుకుని వదలండి. పొడి అంటుకున్నచోట చెయ్యి తగులుతోంది, అంటనిచోట ఖాళీ. ఖాళీలో వుడ్ పుట్టీ, గుచ్చుకునేచోట గరుకు కాగితం. ఇక కళ్ళు మూసుకుని చెయ్యి లేపి తెరిచి చూడండి, సైట్లు వాటంతటవే కుదిరి కనిపించాలి. ఎడమకి పోతే మణికట్టు తిప్పి సరిచేసుకోకండి, మళ్ళీ గరుకు కాగితం తీయండి. విసుగ్గా ఉంటుంది, తెలుసు.

రూగర్‌కీ ఒలింపిక్ పిస్టళ్ళకీ తేడా తెలిసేది కూడా ఇక్కడే. రూగర్‌లో మ్యాగజైన్ పిడిలోంచి ఎక్కుతుంది, పిడిని ఇష్టమొచ్చినట్టు చెక్కడానికి లేదు. పార్దీని ఎస్పీ, వాల్తర్ జీఎస్పీ లాంటి వాటిలో మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందుంటుంది, పిడి మొత్తం మీ చేతిదే. అలాగని రూగర్‌ని తీసిపారేయను. దాని బ్యారెల్ కదలదు, వెనక సైట్ కూడా దానితోపాటు స్థిరంగానే ఉంటుంది, లోపలి బోల్ట్ ఒక్కటే ముందుకీ వెనక్కీ పోతుంది. ఆ ధరలో అంత గురి రావడానికి అదొక కారణం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపించే సైట్) వద్దు, ఈ పోటీల్లో మామూలు ఓపెన్ సైట్లే. మూతికి తగిలించే మెరుపు సామాన్లు ఇప్పుడే వద్దు, క్లచ్ సరిగ్గా లేని బండికి సైలెన్సర్ మార్చేవాళ్ళని చూశాం కదా. మనవాళ్ళకి దారి ఎయిర్ పిస్టలే: 4.5 మి.మీ., 20 జూల్స్ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఇచ్చి బిల్లు మీదే కొనండి. కొనేముందు క్లబ్ పిస్టల్‌తో కొన్నాళ్ళు కొట్టండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్లలోనూ 25 మీటర్లలోనూ పతకాలు తెచ్చింది, అంటే ఇక్కడ నేర్చుకున్న వేలు అక్కడా పనికొస్తుంది.

.22 దాకా వెళ్ళినవాళ్ళకి ఆఖరి మాట: తూటా స్టాండర్డ్ వెలాసిటీది (మామూలు వేగంది) వాడండి, మరీ బలహీనమైనది వేస్తే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోక జామ్ అవుతుంది, అప్పుడు పిస్టల్‌ని తిట్టకండి. రెండు మూడు రకాలు తెచ్చి ఐదేసి షాట్లు కొట్టి, కాగితం మీద దగ్గరగా పడినవి ఏవో చూసి ఆ లాట్ నంబర్ రాసి పెట్టుకోండి. మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప ఖాళీ ఛాంబర్ మీద డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేయకండి, ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుని కొట్టి సొట్ట పెడుతుంది.