గాలిమర తిరిగితే సరిపోదు

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం. పవన విద్యుత్తును పిల్లల చేత చేయించి నేర్పాలన్న విషయంలో మనలో భేదాభిప్రాయం లేదు కనుక, దాన్ని మళ్ళీ సమర్థించే పని పెట్టుకోను. తరగతిలో మనం దేన్ని కొలిపిస్తున్నామన్నదే నా ప్రశ్న. పిల్లలు అట్టతో రెక్కలు కత్తిరించి, తిప్పితే విద్యుత్తు పుట్టించే చిన్న మోటారుకు బిగించి, టేబుల్ ఫ్యాను ముందు పెడతారు. రెక్కలు గిర్రున తిరుగుతాయి, ఎల్ఈడీ వెలుగుతుంది, చప్పట్లతో పాఠం ముగుస్తుంది. నా దృష్టిలో పాఠం మొదలు కావలసింది అక్కడే.

ముందుగా, గాలిలో ఎంత శక్తి ఉందో లెక్క కట్టించాలి. సముద్రమట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 కిలోలు. సెకనుకు 4 మీటర్ల వేగంతో వీచే గాలి, 40 సెంటీమీటర్ల వ్యాసం గల గాలిమర తిరిగే మేర గుండా తీసుకుపోయే శక్తి దాదాపు 5 వాట్లు. వేగం రెట్టింపైతే అది 10 వాట్లవుతుందని పిల్లలు ఠక్కున చెబుతారు; వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 40 వాట్లకు చేరువవుతుందని వాళ్ళ లెక్కే తేల్చినప్పుడు, గాలి బాగా వీచే చోటు కోసం ఇంజనీర్లు ఎందుకంత వెతుకుతారో వేరే చెప్పనక్కరలేదు. ఆ శక్తినంతా ఎందుకు లాగలేమన్నది తరువాతి ప్రశ్న. అంతా లాగేస్తే గాలి రెక్కల వెనకే ఆగిపోవాలి, అప్పుడు తరువాత వచ్చే గాలికి దారి ఉండదు. గాలిలోని శక్తిలో లాగగలిగేది గరిష్ఠంగా 59.3 శాతమేనని 1919లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ లెక్కించి చూపాడు. తరగతి గది నమూనాలు దాని దరిదాపులకు కూడా రావు. రాకపోవడానికి కారణాలు వెతకడమే అసలు అభ్యాసం.

మోటారు తీగలకు మల్టీమీటరు తగిలించి వోల్టేజి ఒక్కటే చూస్తే మోసపోతాం. ఏ భారమూ (అంటే విద్యుత్తు వాడుకునే పరికరమేదీ) లేకుండా అందరికంటే వేగంగా తిరిగిన గాలిమర, కరెంటును అడ్డగించే ఒక రెసిస్టరు కలపగానే చతికిలబడవచ్చు. రెసిస్టరు ఉంచి, వోల్టేజినీ కరెంటునూ గుణించి వాట్లలో రాయించండి. ఇప్పుడు రెక్కల కోణం మార్చమనండి. రెక్క తిరిగే తలానికి 45 డిగ్రీల వాలులో బిగిస్తే గాలిమర సులువుగా కదులుతుంది, కానీ వేగం అందుకోదు. 10 డిగ్రీలకు తగ్గిస్తే మొరాయిస్తుంది, వేలితో కాస్త తోస్తే గానీ కదలదు. కదిలాక మాత్రం జోరందుకుంటుంది. ఫలానా కోణం ఉత్తమమని ముందే చెప్పేసే ఉపాధ్యాయుడు ఈ ప్రయోగాన్ని చేజేతులా చెడగొట్టినట్టే. ఒకసారికి ఒక్క అంశమే మార్చాలి, ఫలితాన్ని ముందే ఊహించి రాసుకోవాలి, ఆ ఊహ ఎందుకు తప్పిందో పక్కనే రాయాలి. మార్కులు అత్యధిక వాట్లకు కాక ఆ రాతకు వేయాలని నా అభిప్రాయం.

ఫ్యాను గాలి సుడి తిరుగుతూ వస్తుంది కనుక, దాని ముందు స్ట్రాల కట్ట ఒకటి పేర్చితే కొలతలు నిలకడగా ఉంటాయి. రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి, ఊడిన రెక్క దూసుకుపోయే పక్కన ఎవరూ నిలబడకూడదు.

ఇదంతా పిల్లల ఆట అనుకునేవారికి డెన్మార్క్‌ను గుర్తు చేస్తాను. అక్కడి ఆస్కోవ్ పాఠశాలలో పనిచేసిన పౌల్ లా కూర్ 1891లో విద్యుత్తు కోసం గాలిమర నిర్మించి, గాలి సొరంగంలో నమూనాలను పరీక్షించి, విద్యుదుత్పత్తికి నెమ్మదిగా తిరిగే అనేక రెక్కల కంటే వేగంగా తిరిగే కొద్ది రెక్కలే మేలని తేల్చాడు. అదే దేశంలో ట్విండ్ పాఠశాలల ఉపాధ్యాయులు, విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి 1975లో మొదలుపెట్టిన భారీ గాలిమర 1978లో తిరగడం ప్రారంభించింది.

మీకు రెండు పీరియడ్లే దొరికితే రెక్కల సంఖ్య జోలికి పోకండి. సంఖ్య మార్చిన ప్రతిసారీ మధ్య చక్రానికి కొత్త రంధ్రాలు వేసి, బరువు సరిచూసుకోవాలి. అది కుదరకపోతే గాలిమర ఊగిపోయి కొలతలన్నీ పాడవుతాయి. కోణం మార్చడానికైతే రెక్కను కాస్త తిప్పి మళ్ళీ బిగిస్తే చాలు.