కొండవాలులో నల్ల పెంకు పురుగులు: శ్రోతల ప్రశ్నలు, జవాబులు

(కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల తెలుగు శ్రోతల కోసం నడిపిన ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. వానలు పట్టాయి, చోళ్ల నారు పోస్తున్నారు. ఈ రోజుల్లో పొలంలో ఏ రాయి తిరగేసినా నల్ల పెంకు పురుగులు కనిపిస్తాయి. వాటిని చూసి మన కొండలు ఎలా మారుతున్నాయో చెప్పవచ్చా? ఈ రోజు మాట్లాడుకునేది అదే. స్టూడియోలో మనతో ఒక కీటక శాస్త్రవేత్త ఉన్నారు. మేడమ్, నమస్కారం. మొదటి కాల్ అప్పుడే లైన్లో ఉంది. హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత: పొట్టంగి దగ్గర నుంచి సార్. నమస్కారం మేడమ్. ఎకరంలో అల్లం వేశాను. రాత్రి టార్చి వేసి చూస్తే మడుల్లో నల్లటి పురుగులు గబగబా పరిగెడుతున్నాయి. మందుల కొట్టులో అడిగితే గుళికలు చల్లమన్నారు. దుంప తినేస్తాయేమోనని ఒకటే టెన్షన్.

నిపుణురాలు: గుళికలు కొనేశారా అన్నగారూ?

శ్రోత: ఇంకా లేదండీ. సంత రోజున కొందామని.

నిపుణురాలు: అయితే ఆగండి. కాళ్లు సన్నగా, పొడుగ్గా ఉన్నాయా? మీసాలు దారంలా ఉన్నాయా? దవడలు ముందుకు పొడుచుకు వచ్చాయా?

శ్రోత: అవునండీ. పట్టుకోబోతే వేలు కరిచింది కూడా.

నిపుణురాలు: అవి నేల పెంకు పురుగులు. శాస్త్రంలో కారాబిడే కుటుంబం అంటారు. ప్రపంచం మొత్తం మీద దాదాపు 40 వేల జాతులను గుర్తించారు. వీటిలో ఎక్కువ భాగం రాత్రిపూట వేటాడేవి. లద్దె పురుగులు, చిన్న నత్తలు, వేరే పురుగుల గుడ్లు తింటాయి. కొన్ని కలుపు గింజలు తింటాయి. మీ అల్లం దుంప కోసం వచ్చినవి కావు. దుంపను కొరికే వేరు పురుగు తెల్లగా, వంకర తిరిగి మట్టి లోపల ఉంటుంది. అనుమానం ఉంటే మొక్క మొదట్లో తవ్వి చూడండి. అది కనిపించకపోతే గుళికలతో పని లేదు. వేస్తే ముందు పోయేది మీకు మేలు చేస్తున్న ఈ నల్ల పురుగులే.

శ్రోత: అంటే ఏమీ చెయ్యక్కర్లేదా?

నిపుణురాలు: ఒకటి చెయ్యండి. మడుల పక్కన గడ్డి గట్టు చెక్కేయకుండా ఉంచండి, మడుల మీద ఆకు కప్పండి. పగలు అవి తలదాచుకునేది అక్కడే.

వ్యాఖ్యాత: మేడమ్, పొలానికి మేలు సరే. కొండ మారుతున్న సంగతి ఈ పురుగు ఎలా చెబుతుంది?

నిపుణురాలు: ఇవి నేలనే నమ్ముకుని బతుకుతాయి. నేలలో తేమ, నీడ, వేడి, రాలిన ఆకుల మందం మారితే ముందుగా ఇబ్బంది పడేది ఇవే. పైగా వీటిలో చాలా జాతులకు ఎగిరే రెక్కలు లేవు. పై పెంకు ఉంటుంది, దాని కింద రెక్క పొట్టిగా మిగిలిపోయి ఉంటుంది. ఎత్తయిన కొండల మీద, ఎన్నో ఏళ్లుగా కదలని పాత అడవుల్లో ఇలాంటివి ఎక్కువ. చెట్లు కొట్టేస్తే పక్షి ఇంకో కొండకు ఎగిరిపోతుంది. ఈ పురుగు నడవాలి. మధ్యలో ఎండిన బీడు ఉంటే దాన్ని దాటలేక అక్కడే అంతరిస్తుంది. నాకు వీటి మీద ఇంత పట్టింపు ఎందుకంటే, వీటిని ఎవరూ లెక్కపెట్టకపోతే పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు.

వ్యాఖ్యాత: రాయగడ నుంచి ఒక అమ్మగారు ఎదురుచూస్తున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా ఊరి పైన వాలు అంతా ఇదివరకు సాల చెట్లు, వెదురు. ఇప్పుడు నీలగిరి తోట వేశారు. అప్పట్లో కనిపించని పెద్ద నల్ల పురుగు, వీపు మీద తెల్ల చుక్కలున్నది, ఇప్పుడు దారిలో తరచూ కనిపిస్తోంది. పురుగులు పెరిగాయంటే కొండ బాగున్నట్టే కదా? ఇంకోటి, మా మనవడు దాన్ని పుల్లతో పొడిస్తే ఏదో చిమ్మింది. చెయ్యి మండిందని ఏడ్చాడు.

నిపుణురాలు: ముందు బాబు సంగతి. ఆరు తెల్ల చుక్కలున్న ఆ పురుగు భయపడితే ఆమ్లం చిమ్ముతుంది. చేతి మీద పడితే ధారగా నీళ్లు పోసి కడగాలి. కంట్లో పడితే అలాగే చాలాసేపు కడిగి, వెంటనే డాక్టరుకు చూపించాలి. పిల్లల్ని దాని మీదికి వంగి చూడనివ్వకండి. చంపక్కర్లేదు, అది కూడా వేటగాడే.

ఇక మీ ప్రశ్న. చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే అమ్మా. ఆ చుక్కల పురుగుకు తెరిపి నేల, పొడి నేల ఇష్టం. నీడ ఉన్న వాలులో అరుదుగా ఉండి ఇప్పుడు తరచూ కనిపిస్తోందంటే, నేల ఎండుతోందేమో అని అనుమానించాలి. అడవి కొట్టిన చోట మొదటి కొన్నేళ్లు మొత్తం పురుగుల సంఖ్య పెరగవచ్చు కూడా. బయలు నేల జాతులు ఎగిరి వస్తాయి, నీడకు అలవాటుపడ్డవి ఇంకా పూర్తిగా పోయి ఉండవు. అందుకే ఎన్ని ఉన్నాయి అని మాత్రమే అడిగితే తప్పుడు జవాబు వస్తుంది. ఏవి మిగిలాయి, ఏవి కొత్తగా వచ్చాయి అని అడగాలి.

శ్రోత: అయితే కొండ పాడైపోయినట్టేనాండీ?

నిపుణురాలు: ఒక్క పురుగును చూసి నేను ఆ మాట అనను. మీ ఊరి పక్కన పాత చెట్లు మిగిలిన తోపు ఏదైనా ఉందా?

శ్రోత: అమ్మవారి తోపు ఉందండీ. అక్కడ కొమ్మ కూడా విరవరు.

నిపుణురాలు: చాలా మంచిది. అక్కడ, నీలగిరి తోటలో, రెండు చోట్లా పోల్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎలా చూడాలో తర్వాతి కాల్‌లో చెబుతాను, రేడియో కట్టేయకండి.

వ్యాఖ్యాత: మధ్యలో పర్లాకిమిడి నుంచి చిన్న ప్రశ్న. కొబ్బరి మొవ్వులో కొమ్మున్న నల్ల పురుగు పడిందట.

నిపుణురాలు: అది కొమ్ము పురుగు, ఈ కుటుంబం కాదు. ఇనుప కొక్కెంతో లాగేయండి. దగ్గర్లో పేడ దిబ్బ ఉంటే తిరగవేసి, దాని పిల్ల పురుగుల్ని ఏరేయండి.

వ్యాఖ్యాత: కోరాపుట్ దగ్గర నుంచి ఒక మాస్టారు. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారం మేడమ్. హైస్కూల్లో సైన్సు చెబుతాను. దేవమాలి వాలులో పిల్లలతో ఈ పురుగుల లెక్క తీయించాలని ఉంది. మా దగ్గర డబ్బు లేదు, మైక్రోస్కోపు ఒక్కటే ఉంది.

నిపుణురాలు: సరిపోతుంది మాస్టారూ. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నింటికన్నా ఎత్తు. జయపురం సుమారు 650 మీటర్లలో ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. అంటే ఒక్క కొండ మీదే పిల్లలకు వేర్వేరు వాతావరణాలు దొరుకుతాయి. మూడు నాలుగు ఎత్తుల్లో చోట్లు ఎంచుకోండి. ఒకే ఎత్తులో అడవి, పోడు, తోట ఉంటే మూడూ తీసుకోండి. లేకపోతే తేడా ఎత్తు వల్లా, చెట్లు కొట్టడం వల్లా అన్నది తేలదు.

శ్రోత: పట్టడం ఎలాగండీ?

నిపుణురాలు: పిట్‌ఫాల్ ట్రాప్. ప్లాస్టిక్ గ్లాసును అంచు నేలతో సమంగా ఉండేలా పాతాలి. అంచు కొంచెం పైకి ఉన్నా పురుగు చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. వాన పడకుండా పైన చిన్న రేకు లేదా పలక, రాళ్ల మీద ఎత్తి పెట్టండి. ఒక్కో చోట ఐదారు గ్లాసులు, గ్లాసుకూ గ్లాసుకూ పది మీటర్ల దూరం. పిల్లలతో చేస్తారు కాబట్టి లోపల ఏమీ పోయకండి. తడి ఆకు ఒకటి వేసి, రోజూ తెల్లవారగానే చూసి, ఫోటో తీసి వదిలేయండి. కప్పలు, తేళ్లు కూడా పడతాయి, చెయ్యి పెట్టనివ్వకండి. రిజర్వు అడవి అయితే అటవీ శాఖ అనుమతి తీసుకోకుండా ఒక్క గ్లాసూ పాతవద్దు.

శ్రోత: జాతుల పేర్లు మాకు రావు కదా మేడమ్.

నిపుణురాలు: పేర్లు లేకుండానే మొదలుపెట్టండి. రూపం, సైజు, రంగు, చుక్కలు చూసి ఒకటో రకం, రెండో రకం అని రాయండి. నిజం చెప్పాలంటే మన దేశపు నేల పెంకు పురుగుల మీద ఆండ్రూస్ అనే బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త రాసిన పెద్ద సంపుటాలు 1929, 1935 నాటివి. ఇప్పటికీ వాటినే తిరగేస్తాం. పేరు చెప్పలేని పురుగుల్ని కాపాడడం కష్టం, అందుకే మీ ఫోటోల్ని కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో, దగ్గర్లోని యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగానికో పంపి అడగండి.

శ్రోత: ఒక ఏడాది చేస్తే ఫలితం వస్తుందా?

నిపుణురాలు: రాదు మాస్టారూ, ముందే చెప్పేస్తున్నాను. ఒక ఏడు వాన ముందు వస్తుంది, ఒక ఏడు ఆలస్యం. పైగా గ్లాసులో పడేది పురుగుల సంఖ్యనే కాదు, అవి ఎంత తిరుగుతున్నాయో కూడా చూపిస్తుంది. వెచ్చని రాత్రి ఎక్కువ తిరిగితే ఎక్కువ పడతాయి. అందుకే ఏటా అదే చోట, అదే వారాల్లో, అన్నే గ్లాసులతో చెయ్యాలి. బ్రిటన్‌లో 1994 నుంచి 2008 దాకా 11 చోట్ల ఇలాగే లెక్క పెట్టారు. పరిశీలించిన 68 జాతుల్లో నాలుగింట మూడు వంతులు తగ్గాయి. బాగా దెబ్బతిన్నవి కొండ ప్రాంతాలే. అడవుల్లో మాత్రం అంతగా మార్పు లేదు. ఒకే దేశంలో ఇంత తేడా ఉందని పదిహేనేళ్లు పట్టు వదలకుండా లెక్కపెట్టడం వల్లే తెలిసింది.

పాత రికార్డు ఉంటే ఇంకా మేలు. ఈక్వడార్‌లోని పిచించా అగ్నిపర్వతం మీద 1880లో ఎడ్వర్డ్ వింపర్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు సేకరించిన పురుగులతో ఈ మధ్యకాలం లెక్కల్ని పోల్చారు. అప్పుడు కింద దొరికిన ఒక జాతి ఇప్పుడు చాలా పైన మాత్రమే మిగిలింది. పైకి పోయేకొద్దీ కొండ సన్నబడుతుంది, దానికి చోటు తగ్గిపోతుంది. దేవమాలి శిఖరం దగ్గరి జాతులకు వెళ్లడానికి ఇంకా పైన కొండ లేదు. వాటి లెక్క ఇప్పుడే రాసిపెట్టాలని నా కోరిక.

శ్రోత: తప్పకుండా చేస్తాం. ఒక్క డౌటు. గ్లాసులో ఏమీ పడకపోతే ఆ రోజు రాయాలా?

నిపుణురాలు: సున్నా అని రాయండి. వాన నీరు నిండిపోయినా, పంది తవ్వేసినా అది సున్నా కాదు, ‘గ్లాసు పాడైంది’ అని వేరే గడిలో రాయించండి. నోట్‌బుక్‌లో పెన్సిల్ వాడండి, తడిస్తే ఇంకు కరిగిపోతుంది. రాయగడ అమ్మగారూ, మీరు వింటుంటే, తోపులో రెండు గ్లాసులు, నీలగిరిలో రెండు చాలు. మీ ఊరి బడి పిల్లల్ని అడగండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మిగిలిన కాల్స్‌ వచ్చే వారం తీసుకుంటాం. నమస్కారం.