నూనె డబ్బా మీద సుంకం ఎవరు కట్టారు?

చర్చలో పాల్గొన్నవారు: విజయవాడ సింగ్ నగర్‌లో టిఫిన్ సెంటర్ నడుపుతున్న మహిళ, అశ్వారావుపేట ప్రాంత పామాయిల్ రైతు, కాకినాడ నూనెల హోల్‌సేల్ వ్యాపారి, అర్థశాస్త్రం బోధించి రిటైరైన లెక్చరర్.

యాంకర్: నమస్కారం. 2024 సెప్టెంబర్ 14న కేంద్రం దిగుమతి చేసుకునే ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల కస్టమ్స్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతం చేసింది. రిఫైన్డ్ నూనెల మీద 12.5 నుంచి 32.5 చేసింది. అప్పటికి వినాయక చవితి అయి వారం. అమ్మా, మీతోనే మొదలుపెడతాను. ఆ రోజులు గుర్తున్నాయా?

టిఫిన్ సెంటర్ నిర్వాహకురాలు: గుర్తులేకేమండి. ఒకటో తారీఖున బుడమేరు మా మీద పడింది. గ్రైండర్ మోటారు పోయింది, పిండి బస్తాలు పోయాయి. నీళ్లు దిగాక బురద ఎత్తిపోసి, పొయ్యి మళ్లీ వెలిగించి నాలుగు రోజులైందో లేదో, నూనె డబ్బా తెచ్చే కుర్రాడు “అక్కా, రేటు మారింది” అన్నాడు. నాకు రెండు రోజులకో డబ్బా పడుతుంది, 15 కిలోలది. పొద్దున పూరీ, గారె. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీ. దీపావళి నాటికి డబ్బా మీద ఐదొందలు దాటి పెరిగిందండి.

యాంకర్: మరి మీరు ప్లేటు రేటు పెంచారా?

నిర్వాహకురాలు: పెంచితే ఎవరొస్తారండి? నా దగ్గర తినేది ఆటోవాళ్లు, తాపీపని వాళ్లు. వాళ్లూ నాలాగే వరదలో మునిగినోళ్లు. ప్లేటుకి ఆరు పునుగులు వేసేదాన్ని, ఐదు చేశాను. ఒకాయన ప్లేటు చేతిలో పట్టుకుని లెక్కపెట్టుకున్నాడు. నా మొహం చూశాడు. ఏమీ అనలేదు, తినేసి వెళ్లిపోయాడు. అది నాకిప్పటికీ బాధే.

యాంకర్: షావుకారు గారూ, కాగితాల మీద ఆ సుంకం కట్టింది మీ దిగుమతిదారులు. కాకినాడలో ఓడ వచ్చిన దగ్గర్నుంచి ఏం జరుగుతుందో చెప్పండి.

వ్యాపారి: ఓడలోంచి నూనె పైపుల్లో ట్యాంకుల్లోకి వస్తుందండి. పామాయిలైతే ఇండోనేషియా, మలేషియా నుంచి. పొద్దుతిరుగుడు ఎక్కువగా రష్యా, ఉక్రెయిన్ నుంచి. కస్టమ్స్ వాళ్లు పదిహేను రోజులకోసారి టన్నుకి ఇంత అని టారిఫ్ వాల్యూ ప్రకటిస్తారు. దాని మీద సుంకం కట్టాకే సరుకు కదులుతుంది. ఆ కట్టినదాన్ని మేం ఖర్చులో వేసుకుంటాం. మా దగ్గర్నుంచి డిస్ట్రిబ్యూటరు, అక్కణ్నుంచి కిరాణా కొట్టు. మా వ్యాపారంలో కిలోకి మిగిలేది ఒకటీ అరా. కిలోకి ఇరవై రూపాయల సుంకం మా జేబులోంచి పెట్టుకుంటే మూడో నెలకి షట్టర్ దించాల్సిందే.

లెక్చరర్: ఆయన చెప్పింది నిజమే. చట్టం ప్రకారం పన్ను కట్టేవాడు ఒకడు, ఆ బరువు మోసేవాడు ఇంకొకడు. చుట్టూ పోటీ ఉండి, లాభం సన్నగా ఉన్న వ్యాపారంలో పన్ను మధ్యలో ఆగదు. జారి జారి చివరివాడి మీద పడుతుంది. ఆ చివరివాడికి బేరమాడే శక్తి ఉండదు. నూనె లేకుండా వంట కాదు కదా!

యాంకర్: మాస్టారూ, బోర్డు మీద ఒక్కసారి లెక్క వేసి చూపించండి.

లెక్చరర్: (బోర్డు దగ్గరికి వెళ్లి) లెక్క తేలిగ్గా ఉండడానికి ముడి నూనె రేవులో కిలో వంద రూపాయలు అనుకుందాం. సెప్టెంబర్ 14కి ముందు మూల సుంకం సున్నాయే గానీ, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 5 శాతం ఉండేది. దాని మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జీ. అంతా కలిపి 5.5 శాతం. పెంచాక 20కి 5 కలిసి 25, దాని మీద పదో వంతు, మొత్తం 27.5 శాతం. అంటే వంద రూపాయల నూనె అంతకుముందు 105 రూపాయల 50 పైసలకి బయటికొచ్చేది, ఆ తర్వాత 127 రూపాయల 50 పైసలు. ఇక్కడితో అయిపోలేదు. సుంకం కలిసిన మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. పన్ను మీద పన్ను. చివరికి పెంచకముందు 110 రూపాయల 78 పైసలు, పెంచాక 133 రూపాయల 88 పైసలు. తేడా కిలోకి 23 రూపాయల పది పైసలు. అమ్మ వాడే 15 కిలోల డబ్బాకి దాదాపు 346 రూపాయలు.

నిర్వాహకురాలు: నాకు ఐదొందలు పైనే పెరిగిందండి.

లెక్చరర్: అవునమ్మా. మొత్తం సుంకం వల్లే అంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ నెలల్లో ప్రపంచ మార్కెట్లోనూ పామాయిల్ రేటు ఎక్కింది. ఇండోనేషియా తన పామాయిల్‌ని డీజిల్లో ఇంకా ఎక్కువ కలుపుతానంది. బయట ధర పెరుగుతున్నప్పుడు శాతం లెక్కన వేసే సుంకం దాంతోపాటే పెరుగుతుంది. ఎండలో నడిచేవాడి నెత్తిన ఇంకో మూట పెట్టినట్టు.

యాంకర్: ఇక్కడ నాకు ఒకటి తెలియాలి. సుంకం పెంచిన రోజుల్లో ప్రభుత్వమే చెప్పింది, పాత సుంకానికి వచ్చిన నూనె దాదాపు 30 లక్షల టన్నులు దేశంలో ఉందని, 45 నుంచి 50 రోజులకు సరిపోతుందని. అది అయిపోయేదాకా రేటు పెంచొద్దని కంపెనీలకు సూచించింది కూడా. మరి వారంలోనే రేటు ఎందుకు పెరిగింది షావుకారు గారూ?

వ్యాపారి: (కాస్త ఆగి) దాచడానికేముందండి. పాత సరుకు అమ్మగా వచ్చిన డబ్బుతో రేపు కొత్త సరుకు కొనాలి. కొత్తది 27.5 శాతం సుంకంతో వస్తుంది. పాత రేటుకి అమ్ముకుంటే పది ట్యాంకర్ల డబ్బుకి ఎనిమిది ట్యాంకర్లే వస్తాయి. అందుకని మార్కెట్ ఎప్పుడూ రేపటి రేటే చూస్తుంది.

నిర్వాహకురాలు: అంటే ఆ మొదటి నెల నా దగ్గర తీసుకున్న ఎక్కువ డబ్బు గవర్నమెంటుకి కూడా పోలేదన్నమాట!

వ్యాపారి: ఆ నిల్వల వరకు పోలేదమ్మా. సరుకు చేతిలో ఉన్నవాళ్ల దగ్గరే ఆగింది. ఎవరి దగ్గర ఎంత ఉందో అంత.

యాంకర్: ఈ మాట మీరు కెమెరా ముందు చెప్పినందుకు ధన్యవాదాలు. కట్టని పన్నుని కూడా ప్రజల దగ్గర వసూలు చేశారంటే నాకు కోపమొస్తోంది, దాచుకోను. రైతు గారూ, మీరు చాలాసేపటి నుంచి ఏదో చెప్పాలని చూస్తున్నారు.

రైతు: చెల్లెమ్మ కష్టం నాకర్థమైంది. మా వైపు కూడా వినాలి. మాకు పదెకరాల తోట. ఎకరాకు 57 మొక్కలు. మొక్క పెట్టాక నాలుగేళ్ల దాకా గెల కోత ఉండదు. డ్రిప్పు, ఎరువులు, కూలీలు, అన్నీ చేతి నుంచే పెట్టాలి. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేకుంటే నూనె పాడవుద్ది. కాబట్టి ధర నచ్చకపోతే ఇంట్లో పెట్టుకుందాం అనే వీలు మాకు లేదు. సుంకం సున్నా ఉన్నప్పుడు టన్ను గెలలు 14 వేల చిల్లర. కోత కూలి, ట్రాక్టరు కిరాయి పోతే ఏం మిగుల్తది? సుంకం పెంచాక రెండు మూడు నెలల్లో 20 వేలు దాటింది. మా జిల్లా మంత్రి తుమ్మల గారు కూడా సుంకం పెంచమనే కేంద్రాన్ని అడిగారు. మేమంతా అడిగించినమాట నిజం.

నిర్వాహకురాలు: అన్నా, మీకు రావద్దని నేననను. నా బాండీలోంచే ఎందుకు రావాలి అంటున్నాను.

రైతు: ఇంకెక్కడి నుంచి వస్తదమ్మా?

లెక్చరర్: ఈ రాత్రి అసలు ప్రశ్న ఇదే. మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే. మిగతాది ఇక్కడే తయారవుతుంది. అశ్వారావుపేట ఫ్యాక్టరీలో తీసిన నూనె ఏ రేవూ దాటలేదు, దాని మీద కస్టమ్స్ సుంకం లేదు. అయినా దిగుమతి నూనె ఎంతకి అమ్ముడవుతుందో అదీ అంతకే అమ్ముడవుతుంది. కాబట్టి కొనేవాళ్లు రెండు చోట్ల కడుతున్నారు. దిగుమతి నూనె మీద కట్టింది ఖజానాకి. ఇక్కడి నూనె మీద కట్టింది ఉత్పత్తిదారులకి. మీకు మంచి సంగతి ఏంటంటే, గెల ధర ముడి పామాయిల్ ధరకి కట్టి ఉన్న ఫార్ములా ప్రకారం వస్తుంది. కాబట్టి మీ వాటా మీకు చేరింది. ఆదిలాబాద్ సోయా రైతు సంగతి అలా కాదు. సుంకం పెంచిందే సోయా రైతుల కోసమని కూడా అన్నారు. 2024-25కి సోయా మద్దతు ధర క్వింటాలు 4,892 రూపాయలు. ఆ సీజన్లో దేశంలో చాలా మార్కెట్లలో అంతకంటే తక్కువకే అమ్ముకున్నారు. సోయా గింజలో నూనె ఐదో వంతే, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం దాణాకి పోయే పిండి. పిండి ధర పడిపోతే నూనె మీద ఎంత సుంకం వేసినా గింజ ధర లేవదు. సింగ్ నగర్‌లో అమ్మ కట్టింది, రైతుకి మాత్రం అందలేదు.

యాంకర్: ఇదే సుంకం ఉన్నవాళ్లూ కడతారు కదా అనేవాళ్లున్నారు.

లెక్చరర్: కడతారు. ఆ కట్టే తీరే చూడాలి. నెలకి 15 వేలు వచ్చే ఇంట్లో ఐదు కిలోలు, లక్షన్నర వచ్చే ఇంట్లోనూ ఐదు కిలోలు. ఆదాయం పదింతలైతే పదింతలు నూనె తాగరు. మన బోర్డు లెక్కలో ఐదు కిలోలకి 115 రూపాయల భారం. పదిహేను వేల ఇంటికి అది వందకి ముప్పావు రూపాయి. లక్షన్నర ఇంటికి వందకి ఏడెనిమిది పైసలు. ఆదాయపు పన్నులో ఎక్కువ సంపాదించినవాడి మీద ఎక్కువ రేటు. సుంకంలో అది తలకిందులు. పైగా సెస్సు, సర్‌చార్జీల్లో రాష్ట్రాలకు వాటా ఉండదు. ఇక్కడి వంటింట్లో కట్టిన ఆ సెస్సు, సర్‌చార్జీ డబ్బులో పంపకం కింద ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ వచ్చేది ఏమీ లేదు.

యాంకర్: ఒక ఫోన్ కాల్ తీసుకుందాం. డాలస్ నుంచి. చెప్పండి.

ప్రేక్షకుడు (ఫోన్లో): నమస్తే అండీ. ఇక్కడ 2025 ఆగస్టులో భారత్ సరుకు మీద ముందు 25, నెలాఖరుకి 50 శాతం చేశారు. అది ఇండియా కడుతుందని ఆఫీసులో చాలామంది అనుకున్నారు. మా ఇండియన్ స్టోర్లో సోనా మసూరి బస్తా దగ్గర నిలబడితే ఎవరు కడుతున్నారో తెలిసేది. మాస్టారు చెప్పింది వింటుంటే రెండు చోట్లా కథ ఒకటే అనిపిస్తోంది.

లెక్చరర్: కథ ఒకటే నాయనా. మీ దేశంలోనే 2018లో దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేశారు. వాటి ధర 12 శాతం దాకా పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అక్కడే తయారుచేసే కంపెనీల మెషీన్ల ధరలూ పెరిగాయి. బట్టలు ఆరబెట్టే డ్రయర్ల మీద ఏ సుంకమూ లేదు, అవీ పెరిగాయి. రెండూ జతగా కొంటారు కదా. ఖజానాకి వచ్చింది ఏడాదికి 8 కోట్ల డాలర్ల పైచిలుకు, కొనేవాళ్ల మీద పడింది దాదాపు 150 కోట్ల డాలర్లు. ఇందాక అమ్మ అడిగిన ప్రశ్నకి ఇదీ జవాబే. జేబులోంచి పోయిందంతా గవర్నమెంటుకి చేరదు.

యాంకర్: థాంక్యూ అండీ. రైతు గారూ, 2025 మే 30న ముడి నూనెల మీద మూల సుంకం మళ్లీ 10 శాతానికి తగ్గించారు. అన్నీ కలిపి 16.5.

రైతు: తగ్గించారు, మా గెల ధరా తగ్గింది. మా ఏడుపు అసలు ఇదండి. 2018లో ముడి పామాయిల్ మీద 44 శాతం ఉండేది. 2021 వచ్చేసరికి సున్నా. తర్వాత 20. తర్వాత 10. నేను పెట్టిన మొక్క ముప్పై ఏళ్లు నిలబడాలి. సుంకమేమో ఉయ్యాల ఊగుతుంటది. ఏ ధర చూసి మొక్క పెట్టాలి?

లెక్చరర్: అందుకే నేనంటున్నా, మీ ధరని సుంకానికి కట్టొద్దు. 2021లో పామాయిల్ జాతీయ మిషన్ పెట్టారు, 11,040 కోట్లతో. అందులో వయబిలిటీ ధర, అంటే రైతుకి గిట్టుబాటయ్యే ధర, అని ఒకటి ఉంది. మార్కెట్ ధర దానికంటే పడిపోతే తేడా ప్రభుత్వమే రైతు ఖాతాలో వేయాలి. ఆ డబ్బు బడ్జెట్లోంచి వస్తుంది. బడ్జెట్లో కంపెనీలు కట్టే పన్నూ ఉంది, పెద్ద జీతగాళ్లు కట్టేదీ ఉంది. పునుగుల ప్లేటులోంచి ఒకటి తీయాల్సిన పని లేదు.

రైతు: మాస్టారూ, చెప్పడానికి బాగుంది. సుంకం పెంచితే వచ్చే నెల గెల ధరలో కనిపిస్తది. ఖాతాలో వేస్తామన్న డబ్బు ఎప్పుడొస్తదో ఎవరు చెప్పాలి? అప్పిచ్చినోడు ఆగడు.

లెక్చరర్: (తలూపుతూ) ఆ భయం న్యాయమైనదే. దానికి నా దగ్గర ఎదురుమాట లేదు.

యాంకర్: షావుకారు గారూ, చివరగా మిమ్మల్ని ఒకటి అడగాలి. బిల్లు మీద జీఎస్టీ వేరుగా కనిపిస్తుంది. కస్టమ్స్ సుంకం ఎక్కడా కనిపించదు. ప్యాకెట్ మీద ‘ఇందులో దిగుమతి సుంకం ఇంత’ అని వేయొచ్చు కదా?

వ్యాపారి: ఒక ట్యాంకులో మూడు ఓడల నూనె కలుస్తుందండి. ఒక్కో ఓడకి ఒక్కో టారిఫ్ వాల్యూ. పైసల్లో సరిగ్గా చెప్పడం కష్టం. శాతం మాత్రం వేయొచ్చు. వేయమంటే వేస్తాం.

నిర్వాహకురాలు: వేయించండి సార్. నేను ప్యాకెట్ వెనక్కి తిప్పి చదువుతాను. ఇదివరకు లీటర్ ప్యాకెట్టంటే 910 గ్రాములు. ఈమధ్య అంతే సైజు ప్యాకెట్ తిప్పి చూస్తే 850 అని ఉంది. నా దగ్గరికొచ్చేవాళ్లకి నేనైతే చెప్పే ఇచ్చాను, ఐదే వేస్తున్నానని రెండో రోజు నుంచి పలక మీద రాసి పెట్టాను.

రైతు: చెల్లెమ్మా, నాదొక మాట. తేడా డబ్బు నెల తిరిగేలోపు ఖాతాలో పడుతుందని రాసిస్తే, సుంకం పెంచమని నేను మళ్లీ అడగను. ముప్పై రోజులు. ముప్పై ఒకటో రోజు దాటితే మాత్రం మళ్లీ అడుగుతా.

నిర్వాహకురాలు: అడగండన్నా. అప్పుడు నేనూ మీతో వచ్చి అడుగుతాను.

యాంకర్: సమయమైపోయింది. నలుగురికీ నమస్కారం.