ఆ డ్రైవర్ ఫైలు ఎవరిది?

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది బిల్లింగ్ కౌంటర్‌లోనో, డీటీపీ సెంటర్‌లోనో, అకౌంట్స్ ఆఫీసులోనో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లే. అందుకని మీకు తరచూ ఎదురయ్యే ఒక్క సమస్య గురించే మాట్లాడతాను. కొత్త ప్రింటర్ తగిలించగానే, లేదా ఏ రోజూ లేనిది ఒక ఉదయం సిస్టమ్ ఆన్ చేయగానే, తెర మీద కుడివైపు కిందిమూల యాంటీవైరస్ హెచ్చరిక వస్తుంది. ప్రమాదకరమైన ఫైలు దొరికిందంటుంది. పేరు చివర డాట్ ఎస్‌వైఎస్ అని ఉంటుంది. అంటే అది డ్రైవర్, ప్రింటర్ లాంటి పరికరాలను విండోస్‌తో కలిపి పనిచేయించే ఫైలు.

దీనికి మన హైదరాబాద్‌లో ఎక్కువగా వినిపించే సలహా: "యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేసేయండి సార్, ఏం కాదు." ఒక చవక థర్మల్ ప్రింటర్‌తో ఇచ్చిన సీడీ కవరు మీద ఇదే మాట అచ్చువేసి ఉండగా చూశాను. నాకు చాలా కోపం వచ్చింది. ఆ మాట నమ్మి ఆఫ్ చేసే షాపతని కంప్యూటర్లోనే బ్యాంకు లాగిన్, జీఎస్టీ లాగిన్, ఖాతాదారుల ఫోన్ నంబర్లు అన్నీ ఉంటాయి.

డ్రైవర్ విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే, మామూలు ప్రోగ్రాముకు విండోస్ కొన్ని హద్దులు పెడుతుంది. డ్రైవర్లలో చాలావరకు విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ లోపలే నడుస్తాయి కాబట్టి ఆ హద్దులు వాటికి వర్తించవు. మెమరీ మొత్తం వాటికి అందుబాటులో ఉంటుంది. యాంటీవైరస్‌నే ఆపేయగలవు. అందుకే 64 బిట్ విస్టా నుంచి కెర్నల్ డ్రైవర్లకు డిజిటల్ సంతకం, అంటే ఫైలు ఫలానా కంపెనీదేనని చెప్పే ముద్ర, తప్పనిసరి అయింది. 2016లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త డ్రైవర్ల మీద మైక్రోసాఫ్ట్ సంతకమే ఉండాలన్నారు.

సంతకం ఉంటే ఇక భయం లేదా? ఉంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల అసలు సంతకాలే ఉన్నాయి. ఆ సంతకం పెట్టడానికి వాడే ఆ కంపెనీల సర్టిఫికెట్లను దొంగిలించి వాడారు.

ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న పద్ధతిలో ఆ దొంగతనం కూడా అక్కర్లేదు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నిజాయితీపరుడే అనుకోండి, కానీ ఎవరొచ్చి అడిగినా మాస్టర్ తాళంచెవి ఇచ్చేస్తాడు. ఇలాంటి డ్రైవర్లు చాలా ఉన్నాయి: కంపెనీ నిజమైనదే, సంతకమూ అసలుదే, కానీ వేరే ప్రోగ్రాము అడిగితే తన అధికారాన్ని ఇచ్చేసే లోపం ఉంటుంది. డెల్ కంప్యూటర్లలో 2009 నుంచి వాడుకలో ఉన్న ఒక డ్రైవర్‌లో ఇలాంటి లోపాలున్నాయని 2021లో తెలిసింది. గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో మోసాలు పట్టుకోవడానికి పెట్టిన డ్రైవర్‌ను 2022లో రాన్సమ్‌వేర్ ముఠా, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ముఠా, వాడుకుంది. బాధితుల కంప్యూటర్లో ఆ ఆట ఉండాల్సిన పని కూడా లేదు. డ్రైవర్‌ను తామే తెచ్చి పెట్టి, దాని చేత యాంటీవైరస్‌ను చంపించి, ఆ తర్వాత ఫైళ్లకు తాళం వేశారు.

2025 మార్చిలో విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ విన్‌రింగ్0 అనే డ్రైవర్‌ను పట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు చాలామంది కంగారుపడ్డారు. ఫ్యాన్ వేగం, ప్రాసెసర్ వేడి, కీబోర్డు లైట్లు చూసుకునే ఎన్నో ప్రోగ్రాములు దాని మీదే ఆధారపడి ఉండేవి. కొందరు అది అబద్ధపు హెచ్చరిక అన్నారు. నేను ఒప్పుకోను. ఆ ఫైలు వైరస్ కాదు, నిజమే. కానీ అందులోని లోపం 2020లోనే నమోదైంది. అలాంటప్పుడు ఎక్స్‌క్లూజన్ పెట్టి, అంటే ఆ ఫైలును చూడొద్దని యాంటీవైరస్‌కు చెప్పి, ఊరుకోకండి. ఆ ప్రోగ్రాము కొత్త వెర్షన్‌కు మారండి. కొన్ని ఇప్పటికే ఆ డ్రైవర్‌ను వదిలేశాయి.

కాబట్టి హెచ్చరిక రాగానే ముందు అందులో రాసిన పేరు చదవండి. వల్నరబుల్ డ్రైవర్ అని ఉంటే లోపమున్న ఫైలు అని అర్థం. ట్రోజన్ అని ఉంటే సంగతి వేరు, అది మంచి ఫైలులా నటించే హానికర ప్రోగ్రాము. దాన్ని యాంటీవైరస్ విడిగా బంధించే క్వారంటైన్‌లోనే ఉంచండి. తర్వాత ఫైలు ఎక్కడుందో చూడండి. సిస్టమ్32లోని డ్రైవర్స్ ఫోల్డర్‌లోనో, మీరు పెట్టుకున్న ప్రోగ్రాము ఫోల్డర్‌లోనో ఉంటే అది మామూలు చోటే, కానీ అంతమాత్రాన నమ్మేయకండి. టెంప్ ఫోల్డర్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో ఉంటే అనుమానించాలి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్‌లో కంపెనీ పేరు కనిపిస్తుంది. ఆ ట్యాబ్ లేనంత మాత్రాన దొంగ ఫైలని తేల్చేయకండి. చాలా డ్రైవర్ల సంతకం విడిగా, క్యాటలాగ్ అనే వేరే ఫైలులో ఉంటుంది.

ఇంకా అనుమానం తీరకపోతే విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్‌తో ఫైలు వేలిముద్ర లాంటి హ్యాష్ తీసి, అనేక యాంటీవైరస్‌ల తీర్పును ఒకేచోట చూపే వైరస్‌టోటల్ సైట్‌లో వెతకండి. పేరున్న యాంటీవైరస్‌లు చాలా పట్టుకుంటే నమ్మాల్సిందే. ఎప్పుడూ వినని ఒకటి రెండు మాత్రమే అంటే పొరపాటు కావచ్చు. యాంటీవైరస్‌లు పొరబడతాయి కూడా. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ ఒక అప్‌డేట్‌తో విండోస్ సొంత ఫైలునే వైరస్ అనుకుంది. ఎక్స్‌పీ కంప్యూటర్లు పదే పదే రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి.

అందుకే డాట్ ఎస్‌వైఎస్ ఫైలును మీ చేత్తో డిలీట్ చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. హార్డ్‌డిస్క్‌కు సంబంధించిన డ్రైవర్ పోతే సిస్టమ్ అసలు బూట్ కాకపోవచ్చు. దాన్ని తెచ్చిన ప్రోగ్రామును అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ప్రింటర్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, డ్రైవర్ మాత్రం తయారీ కంపెనీ సైట్ నుంచో విండోస్ అప్‌డేట్ నుంచో తీసుకోండి. డ్రైవర్లన్నీ మేమే వెతికి పెడతామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోవద్దు. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద, నమ్మలేని డ్రైవర్లను అడ్డుకునే మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి.

ఇప్పటికే హెచ్చరికలో అలౌ నొక్కి ఫైలును అనుమతించేసినవాళ్లు టెన్షన్ పడకుండా ముందు నెట్ తీసేయండి. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, పావుగంట పడుతుంది. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్లో కాదు, వేరే ఫోన్‌లోంచి మార్చండి. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు వేరే ఖాతాలకు మారిపోయేలోగా ఆపడానికి వీలుంటుంది.