నాన్న వంతు

శ్రోతలకు నమస్కారం.

మన వైపు తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలంటారు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పంపిస్తారు. మళ్లీ మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో సహా తీసుకొస్తారు. ఈ నెలలన్నీ బిడ్డ తండ్రి ఎక్కడుంటాడు? మన విశాఖలో, గాజువాకలోనో మధురవాడలోనో ఒంటరిగా, కర్రీ పాయింట్ కూరలు తింటూ, వీడియో కాల్‌లో బిడ్డ నిద్రపోతున్న ముఖం చూస్తూ ఉంటాడు. శనివారం సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి అత్తవారింటికి వెళ్తాడు. అక్కడాయన అల్లుడుగారు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, బిడ్డను తెచ్చి ఒళ్లో పెడతారు. బిడ్డ కాస్త మూలిగిందో లేదో, "మీకెందుకు బాబూ, ఇలా ఇచ్చేయండి" అని అత్తగారు అందుకుంటారు. ఆదివారం రాత్రికి మళ్లీ బస్సు.

ఈ ఆచారాన్ని తప్పుపట్టను. బాలింతకు తల్లి దగ్గర దొరికే విశ్రాంతి ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ అందులో తండ్రికి వంతు లేదు. తొలి నెలల్లో దొరకని వంతు ఆ తర్వాత కూడా చాలామందికి దొరకడం లేదు. అప్పటికే ఇంట్లో పనులన్నీ పంచుకోవడం అయిపోయి ఉంటుంది. నాన్న పేరున మిగిలేది ఆదివారం సాయంత్రం ఒక్కటే.

పుట్టిన పసికందు కళ్లకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. అంటే జానెడు, మహా అయితే జానెడున్నర. ఎత్తుకున్న మనిషి ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది. తల్లి గొంతును కడుపులో ఉన్నప్పుడే విని, గుర్తుపట్టగలిగేలా పుడుతుంది బిడ్డ. నాన్న గొంతు, వాసన, చేతుల పట్టు చాలావరకు పుట్టాకే అలవాటు కావాలి. వీడియో కాల్‌లో వాసన రాదు, పట్టు తెలియదు. ఆరో నెల దాటాక చాలామంది పిల్లలు కొత్త ముఖం చూస్తే బెదిరి ఏడుస్తారు. అయిదో నెలలో ఇంటికి వచ్చిన బిడ్డకు నాన్న దగ్గర అలవాటు పడే గడువు ఎంత తక్కువో చూడండి.

మారేది బిడ్డ ఒక్కటే కాదు. ఫిలిప్పీన్స్‌లోని సెబు ప్రాంతంలో పెళ్లీ పిల్లలూ లేని యువకులను కొన్నేళ్లపాటు గమనించి, 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తండ్రులైనవారిలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ బాగా తగ్గింది. వారిలోనూ రోజుకు మూడు గంటలు, అంతకు మించి పిల్లల పనులు చూసేవారిలో ఇంకా తక్కువగా కనిపించింది. కంగారు పడకండి, ఇది జబ్బు కాదు. బిడ్డ పనిలో పడ్డ మగవాడి ఒళ్లు కూడా ఆ పనికి తగ్గట్టు సర్దుకుంటుంది. పెంపకం ఆడవాళ్ల ఒంట్లోనే ఉంది, మనకు చేతకాదు అని తప్పుకునే మగవాళ్లకు ఇక ఆ సాకు పనికిరాదు.

సెలవు సంగతి కూడా చెప్పాలి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక, ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. తండ్రికి అటువంటి సాధారణ చట్టం లేదు. ప్రైవేటు ఉద్యోగి యాజమాన్యం దయ మీద ఆధారపడాలి. ఆటో నడిపేవారి మాట చెప్పనక్కర్లేదు, బండి తీయని రోజు రాబడి ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి మాత్రం, ఇద్దరికంటే తక్కువ పిల్లలుంటే, 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి, కాన్పయ్యాక ఆరు నెలల లోపు ఎప్పుడైనా అడగవచ్చు. నేవల్ డాక్‌యార్డ్‌లో, కేంద్ర కార్యాలయాల్లో పనిచేసే తండ్రులు మన ఊళ్లో ఎంతమందో! చాలామంది ఆ సెలవును ఆసుపత్రి వరండాలోనూ బారసాల ఏర్పాట్లలోనూ ఖర్చు చేసేస్తారు. పుట్టింట్లో ఆదుకునే చేతులు నాలుగు ఉంటే, ఆ 15 రోజులూ దాచుకుని బిడ్డ మీ ఇంటికి వచ్చిన వారంలో వాడుకోమని నా సలహా. ఆపరేషనై ఆమెకు తోడు అవసరమైతే లెక్క వేరు, అప్పుడు మీరక్కడే ఉండాలి.

సరే, ఇంటికొచ్చాక ఏం చేయాలి? ఒక పని మొత్తంగా మీది చేసుకోండి. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల్లో తిరిగే నాన్న ఎప్పుడు ఇంట్లో ఉంటాడో బిడ్డకు అంతుపట్టదు. ఓ వారం పగలు, ఓ వారం రాత్రి. బీ షిఫ్టు వారమైతే ఇంటికొచ్చేసరికి బిడ్డ నిద్రలో ఉంటుంది. అయినా ఉదయం స్నానం ఆయన చేయించవచ్చు. సీ షిఫ్టు నుంచి తెల్లారి వచ్చినా, కునుకు తీసే ముందు లాల పోయవచ్చు. కాళ్లు బారజాపి బిడ్డను పడుకోబెట్టుకుని చేయించడం అమ్మమ్మల విద్య. మీకది రాకపోతే పిల్లల టబ్బు ఉంది, మోచేత్తో నీళ్ల వేడి చూసుకుంటే చాలు. సాంబ్రాణి పొగ మాత్రం మానేయండి, పసివాళ్ల ఊపిరికి అది మంచిది కాదు. పాలు తాగాక తేన్పు తెప్పించడం, జోకొట్టడం, ఆరో నెల దాటాక మెత్తగా మెదిపిన అన్నం పెట్టడం, ఏదైనా సరే. ఆ పనిలో అమ్మ గుమ్మంలో నిలబడి సూచనలు ఇవ్వకూడదు, అదొక్కటే షరతు. డైపర్ వంకరగా వేస్తే వేయనివ్వండమ్మా.

ఒక హెచ్చరిక. నిద్ర చాలక విసిగిపోయి ఉన్నప్పుడు బిడ్డ ఏడుపు ఆపకపోతే, భుజాలు పట్టుకుని ఊపేయడం అనే పొరపాటు ఎవరైనా చేసే ప్రమాదం ఉంది. పసివాళ్ల మెడ నిలవదు, మెదడుకు దెబ్బ తగులుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఓపిక నశించిందనిపిస్తే బిడ్డను ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, ఇంట్లో ఎవరినైనా పిలిచి, రెండు నిమిషాలు బయటికి రండి. గాల్లోకి ఎగరేసి పట్టుకునే సరదా కూడా పసితనంలో వద్దు.

ఆదివారం ఆర్కే బీచ్‌కి వెళ్లొద్దని నేననడం లేదు. కురుసుర జలాంతర్గామి చూపించండి, కైలాసగిరి మీద టాయ్ ట్రెయిన్ ఎక్కించండి. అయితే ఇంట్లో నాన్న ఒళ్లు అలవాటు లేని బిడ్డ బీచ్‌లో అల చప్పుడుకి అమ్మ చంక వెతుక్కుంటుంది. అప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీయడం ఒక్కటే నాన్నకు మిగిలే పని.

మన జాలరిపేటల్లో ఇంకో లెక్క ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల మీద వేట నిషేధిస్తారు. రాబడి లేని రోజులు, అప్పుల టెన్షన్ ఉండే రోజులు. కష్టం కష్టమే. అయితే బడుల వేసవి సెలవులు కూడా చాలావరకు అప్పుడే. మిగతా ఏడాది రోజుల తరబడి సముద్రం మీద ఉండే నాన్న ఆ రెండు నెలలూ తీరం మీద వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు, పక్కన పిల్లలుంటారు. వల కన్ను ఎలా కలపాలో, ఏ ముడి జారదో పిల్లలు అక్కడే చూసి నేర్చుకుంటారు. చేసే పని నాన్నదే, పిల్లలు పక్కన కూర్చుంటారు, అంతే. ఆఫీసు నాన్నలు కూడా ఇంట్లో చేసే పని పిల్లలను పక్కన పెట్టుకుని చేయవచ్చు. బైక్ కడగడమో, కూరగాయలు తరగడమో, ఎంవీపీ కాలనీ రైతుబజారుకు సంచి పట్టుకెళ్లడమో. నాలుగేళ్ల పిల్లకు సంచిలో టమాటాలు వేసే పని అప్పగిస్తే రెండు కిందపడతాయి. ఏరి మళ్లీ వేయమనండి. నమస్కారం.